మంచి ప్రసంగాలు, చాలని ప్రశ్నల సమయం: తిరుపతిలో జరిగిన గణాంకశాస్త్ర ప్రసంగాల వరుసపై సమీక్ష

గణాంకశాస్త్రం, ఆప్టిమైజేషన్, సమాచార శాస్త్రం అనే మూడు రంగాల మీద తిరుపతిలోని ఒక విద్యాసంస్థ ఈ విద్యాసంవత్సరంలో పరిశోధనా ప్రసంగాల వరుస ఒకటి నడిపింది. చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా వాటిలో చాలావాటికి హాజరయ్యాను. వచ్చే విడతకు వెళ్లాలా వద్దా అని ఆలోచించే పీజీ విద్యార్థులకు, పరిశోధక విద్యార్థులకు, నా వంటి అధ్యాపకులకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ప్రధాన లోపం ఆ ఒక్క చోటికే పరిమితమైనది కాదు, మన వైపు జరిగే విద్యాసభల్లో చాలావాటికి ఉన్న అలవాటే అది.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. అంశాల ఎంపిక చాలా బాగుంది, ప్రసంగించినవారిలో ఎక్కువమంది తమ విషయం క్షుణ్ణంగా ఎరిగినవారు, ప్రవేశానికి రుసుము లేదు. కాబట్టి వెళ్లి వినవలసిన వరుసే. అయితే శ్రోతల ప్రశ్నలకు కేటాయించిన సమయం దాదాపు ప్రతిసారీ సన్మానాలకో, పరిచయాలకో ఖర్చయిపోవడం వల్ల ఈ ప్రసంగాల నుంచి రావలసిన ఫలితంలో సగం హాలు దాటి బయటికి రాలేదు. ఈ మాట కేవలం నిర్వహణ గురించిన ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఈ శాస్త్రాలు పెరిగిందే ప్రశ్నల వల్ల గనుక, ఆ సంగతి ఈ వరుసలోని ప్రసంగాలే మళ్లీ మళ్లీ చూపించాయి గనుక చెబుతున్నాను.

ఇటువంటి వరుసకు తిరుపతి కంటే అనువైన ఊరు రాయలసీమలో లేదు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, కొంత దూరంలో గాదంకిలోని వాతావరణ పరిశోధనశాల, అన్నీ ఒక బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. అయినా ఈ సంస్థల విద్యార్థులు ఒకే హాలులో పక్కపక్కన కూర్చుని ఒకే నిరూపణ వినే సందర్భాలు నేను చూసినంతలో తక్కువ. ఈ వరుస ఆ పని చేసింది, అందుకు నిర్వాహకులకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు చెప్పాలి.

అన్నిటిలోకీ గొప్పగా సాగినది క్రామర్–రావు అసమానత మీద జరిగిన ప్రసంగం. విషయం పాతదే, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం సిలబస్‌లో ఉన్నదే. అయినా ప్రసంగకర్త స్లైడ్లు పక్కన పెట్టి సుద్దముక్క చేత పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచిన క్షణం నుంచే హాలు నిశ్శబ్దమైంది. ఏ తెలియని రాశినైనా మనం డేటా నుంచి అంచనా వేస్తున్నప్పుడు, ఆ అంచనా అన్‌బయాస్డ్ అయితే, అంటే సగటున అసలు విలువనే ఇచ్చేదైతే, దానిలో ఉండే వేరియన్స్ (చెదురు) ఎంత తెలివైన పద్ధతి వాడినా ఒక హద్దు కంటే కిందికి దిగదని ఈ అసమానత చెబుతుంది. ఆ హద్దు, తెలియని రాశి గురించి డేటాలో ఎంత సమాచారం ఉందో కొలిచే ఫిషర్ ఇన్ఫర్మేషన్‌కు విలోమం. ప్రసంగకర్త దీన్ని మూడు వరుసల్లో నిరూపించారు. అన్‌బయాస్డ్ ఎస్టిమేటర్‌కూ (అంచనా సూత్రానికీ), లైక్లీహుడ్ (చేతికొచ్చిన డేటా రావడానికి ఉన్న సంభావ్యత) లాగరిథమ్ అవకలజానికీ మధ్య ఉండే కోవేరియన్స్, అంటే అవి కలిసి మారే తీరు కొలత, సరిగ్గా 1 అవుతుంది. కోషీ–ష్వార్జ్ అసమానత ప్రకారం ఆ 1 వర్గం ఆ రెండింటి వేరియన్స్‌ల లబ్ధాన్ని మించదు. అవకలజం వేరియన్సే ఫిషర్ ఇన్ఫర్మేషన్ కాబట్టి, ఎస్టిమేటర్ వేరియన్స్ దాని విలోమం కంటే తగ్గదు. కోవేరియన్స్ 1 అయ్యే మెట్టు దగ్గర ఆయన ఆగి, అవకలనాన్ని సమాకలనం లోపలికి తీసుకువెళ్తున్నామని చెప్పి, ఆ వాక్యం కింద గీత గీశారు. ఎందుకు గీశారో తరువాత తెలిసింది.

ఉదాహరణగా తీసుకున్నది నాణెం. బొమ్మ పడే సంభావ్యత పి అనుకుని ఎన్ సార్లు ఎగరేస్తే, పడిన బొమ్మల నిష్పత్తి వేరియన్స్ సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగుతుంది, అంటే అంతకంటే మంచి అన్‌బయాస్డ్ అంచనా లేదు. 100 సార్లు ఎగరేస్తే సమ నాణేనికి ప్రామాణిక విచలనం 0.05, దాన్ని సగం చేయాలంటే 200 చాలవు, 400 కావాలి. ఎన్నికల వేళ పత్రికల్లో వచ్చే సర్వేల్లో వెయ్యి మందిని అడిగితే పొరపాటు హద్దు సుమారు 3 శాతం ఎందుకు వస్తుందో, దాన్ని 1 శాతానికి తేవాలంటే దాదాపు పది వేల మంది ఎందుకు కావాలో ఈ లెక్కే చెబుతుంది. ఈ భాగం డిగ్రీ విద్యార్థికి కూడా అర్థమయ్యేలా సాగింది.

తరువాత ఆయన చరిత్ర చెప్పారు. 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంకశాస్త్రం అభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఈ ఫలితాన్ని పాతికేళ్లు నిండీ నిండని వయసులో 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించారు. స్వీడన్ గణాంకవేత్త క్రామర్ స్వతంత్రంగా కనుగొన్న ఇదే ఫలితం 1946లో ఆయన పుస్తకంలో వచ్చింది. రావుగారి ఆ ఒక్క వ్యాసంలోనే తరువాత రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా పేరుపడినదీ, ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖకు బీజమైనదీ ఉన్నాయి. ఆ కృషికే 2023లో, ఆయన కన్నుమూసిన సంవత్సరంలోనే, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. ఇక్కడ ప్రసంగకర్త చెప్పిన ఒక సంగతి నాకు బాగా పట్టుకుంది. కలకత్తాలో పాఠం చెబుతూ రావుగారు పెద్ద శాంపిళ్లకు వర్తించే ఫిషర్ ఫలితాన్ని వివరిస్తున్నప్పుడు, ఒక విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్లకు ఇటువంటిది ఏదీ లేదా అని అడిగాడట. రావుగారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి మరునాడు తరగతిలో చెప్పారు. రావుగారే తన ముఖాముఖీల్లో చెప్పుకున్న విషయమిది.

అంటే ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకునే ఈ అసమానత పుట్టుకకు ఒక విద్యార్థి ప్రశ్న కారణం. ఈ మాట విన్న అయిదు నిమిషాలకే మా హాలులో అటువంటిదే జరిగింది. వెనుక వరుసలో కూర్చున్న ఒక పీజీ విద్యార్థిని లేచి, సున్నా నుంచి తీటా అనే తెలియని హద్దు వరకు యూనిఫారమ్‌గా, అంటే అంతటా సమాన అవకాశంతో, పడే విలువల్లో గరిష్ఠ విలువను ఆధారంగా తీసుకుంటే ఈ హద్దు ఏమవుతుంది సార్ అని అడిగింది. ప్రసంగకర్త ముఖం విప్పారింది. గీత గీసిన వాక్యం దగ్గరికి వెళ్లి, ఇక్కడ తీటా సమాకలనం అంచులోనే ఉంది కనుక అవకలనాన్ని లోపలికి తీసుకుపోలేమని, కాబట్టి అసమానత ఈ సందర్భానికి వర్తించదని చూపించారు. ఆపై లెక్క పూర్తిచేశారు. సగటును రెట్టింపు చేసి తీసుకున్న అంచనా వేరియన్స్ తీటా వర్గాన్ని 3ఎన్‌తో భాగించినంత. గరిష్ఠ విలువను సవరించి తీసుకున్న అంచనా వేరియన్స్ తీటా వర్గాన్ని ఎన్, ఎన్+2ల లబ్ధంతో భాగించినంత. పది విలువలుంటే రెండోది నాలుగు రెట్లు మేలు, వంద విలువలుంటే ముప్పై నాలుగు రెట్లు మేలు. ఒక సిద్ధాంతపు షరతు ఎందుకుందో, అది తప్పితే ఏం జరుగుతుందో ఆ నాలుగు నిమిషాల్లో తెలిసినంత స్పష్టంగా నాకు ఏ పుస్తకంలోనూ తెలియలేదు. ప్రసంగం మొత్తంలో శిఖరం అదే, అది ప్రసంగకర్త రాసుకొచ్చిన కాగితాల్లో లేదు.

వెంటనే మరో పరిశోధక విద్యార్థి, అన్‌బయాస్డ్ అనే షరతు ఎందుకు పెట్టుకోవాలి, దాన్ని వదిలేస్తే మరింత మేలైన అంచనా దొరకదా అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు సభాధ్యక్షులు గడియారం చూపి, సమయం మించిపోయింది, మిగతా ప్రశ్నలు తేనీటి వేళ అడగవచ్చని ప్రకటించారు. ఆ తరువాత శాలువా, జ్ఞాపిక, ఫోటో, వందన సమర్పణ తీరికగా సాగాయి. అతడు అడిగినది ఇరవయ్యో శతాబ్దపు గణాంకశాస్త్రంలో అతి పెద్ద ఆశ్చర్యాల్లో ఒకదానికి ద్వారం. మూడు లేదా అంతకంటే ఎక్కువ సగటులను ఒకేసారి అంచనా వేయవలసి వచ్చినప్పుడు, ఒక్కొక్కదానికి దాని శాంపిల్ సగటునే వాడడం కంటే అన్నిటినీ ఒక బిందువు వైపు కొంచెం కుదిస్తే మొత్తం వర్గ దోషం తగ్గుతుందని స్టీన్ 1956లో దారి చూపగా, 1961లో జేమ్స్, స్టీన్ కలిసి సూత్రం ఇచ్చారు. ఇవాళ మెషీన్ లెర్నింగ్‌లో అందరూ వాడే రెగ్యులరైజేషన్ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. ఈ సంగతి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలేవి.

ఈ వరుసలో రెండో స్థానం నేను లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే సరళరేఖా షరతులకు లోబడి ఖర్చును కనిష్ఠం చేసే గణితం, మీద జరిగిన ప్రసంగానికి ఇస్తాను. ప్రసంగకర్త మన ప్రాంతపు తోతాపురి మామిడితో మొదలుపెట్టడం శ్రోతలను వెంటనే దగ్గర చేసింది. రెండు మండీలు, రెండు గుజ్జు ఫ్యాక్టరీలు అనుకుని ఊహించిన అంకెలు బోర్డు మీద వేశారు. ఒక్కో మండీలో 50 టన్నుల కాయ ఉంది, మొదటి ఫ్యాక్టరీకి 60, రెండోదానికి 40 టన్నులు కావాలి. మొదటి మండీ నుంచి ఫ్యాక్టరీలకు టన్నుకు కిరాయి 400, 900 రూపాయలు. రెండో మండీ నుంచి 300, 500. అన్నిటికంటే చవకైన 300 రూపాయల దారిని ముందుగా నింపేద్దామని అనిపిస్తుంది. అలా చేస్తే మొత్తం కిరాయి 55,000 అవుతుంది. రెండో మండీ కాయలో 40 టన్నులను రెండో ఫ్యాక్టరీకి పంపి, మొదటి మండీ కాయ మొత్తం మొదటి ఫ్యాక్టరీకి ఇస్తే 43,000తో సరిపోతుంది. చవక దారిని వదులుకోవడం వల్ల 12,000 మిగిలింది. ఇదే తరహా రవాణా సమస్యను హిచ్‌కాక్ 1941లో ప్రచురించాడు. అంతకు ముందే 1939లో సోవియట్ యూనియన్‌లో కాంటరోవిచ్ ఉత్పత్తి ప్రణాళికకు ఇటువంటి గణితం తయారు చేశాడు, 1975లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతి ఇచ్చాక ఇది ఎవరైనా చేయగలిగే లెక్క అయింది.

సింప్లెక్స్ పద్ధతి సాధ్యమైన పరిష్కారాల బహుముఖి మీద ఒక మూల నుంచి పక్క మూలకు జరుగుతూ ఖర్చు తగ్గించుకుంటూ పోతుంది. ఆచరణలో వేగంగానే ముగుస్తుంది. కానీ క్లీ, మింటీ 1972లో కొద్దిగా వంచిన ఘనం ఒకటి తయారుచేసి, దాని మీద ఈ పద్ధతి మూలలన్నీ తొక్కుతూ పోవలసి వస్తుందని చూపారు. మూడు చలరాశులకు 8 మూలలే గనుక బాధ లేదు, యాభై చలరాశులైతే సాధారణ కంప్యూటరుకు అది తలకు మించిన పని. ఆ చిక్కును 1979లో ఖాచియన్ ఎలిప్సాయిడ్ పద్ధతితో సిద్ధాంతపరంగా విప్పాడు. గ్వాలియర్‌లో పుట్టిన నరేంద్ర కర్మార్కర్ 1984లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా బహుముఖి లోపలి నుంచి వెళ్లే పద్ధతిని ఇచ్చి ఆచరణకూ దగ్గర చేశాడు. ఈ మూడు మెట్లనూ ప్రసంగకర్త ఒకే బొమ్మ మీద చూపించడం నాకు చాలా నచ్చింది. డ్యువాలిటీ మాత్రం చివరి నిమిషాల్లో పరుగులు పెట్టింది. ఫ్యాక్టరీ సామర్థ్యం ఒక టన్ను పెంచితే మొత్తం ఖర్చు ఎంత మారుతుందో చెప్పే ధరలే డ్యువల్ పరిష్కారమని ఒక వాక్యంలో అనేసి ముందుకు పోయారు. కిరాయి లెక్క అంత ఓపికగా వేసినవారు ఆ ధరలు కూడా అదే పట్టికలో వేసి ఉంటే బాగుండేది.

ఈ రంగపు చరిత్రలో కూడా ఒక ప్రశ్నోత్తర ఘట్టం ఉంది, దాన్ని ఆయన చెప్పలేదు గనుక నేను చెబుతాను. 1948లో విస్కాన్సిన్‌లో జరిగిన సభలో డాంట్జిగ్, అప్పటికి ఎవరికీ తెలియని యువకుడు, తన పద్ధతి గురించి మాట్లాడి కూర్చోబోతుండగా, ప్రసిద్ధ గణాంకవేత్త హోటెలింగ్ లేచి, ప్రపంచం లీనియర్ కాదని మనందరికీ తెలుసు కదా అన్నాడు. డాంట్జిగ్ జవాబు వెతుక్కుంటుండగా వాన్ నాయ్‌మన్ లేచి, ప్రసంగకర్త తన స్వయంసిద్ధాలను స్పష్టంగా చెప్పారు, మీ సమస్య వాటికి సరిపోతే వాడండి, లేకపోతే మానండి అనే అర్థంలో సమాధానమిచ్చాడు. డాంట్జిగ్ ఈ సంఘటనను తరువాత తానే రాశాడు. గణిత నమూనాకు ఎంత హక్కు ఉంది, ఎక్కడితో ఆగాలి అనే విషయం మీద ఇంత చిన్న సమాధానంలో ఇంత పెద్ద పాఠం నాకు మరొకటి కనిపించలేదు. ఆ రోజు అధ్యక్షుడు ప్రశ్నలకు సమయం లేదని ఉంటే ఈ మాటలేవీ మనకు దక్కేవి కావు.

సమాచార శాస్త్రం మీద జరిగిన ప్రసంగం షానన్ 1948 నాటి వ్యాసంతో మొదలై 2009లో అరికాన్ కనుగొన్న, పొరపాట్లను సరిదిద్దే పోలార్ కోడ్‌ల దాకా వచ్చింది. ఒక గంటలో ఇంత దూరం రావడం కష్టమే అయినా ప్రసంగకర్త ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకుని నడవడం వల్ల దారి తప్పలేదు. పదింట ఒక బిట్ తారుమారయ్యే ఛానెల్ (సందేశం పంపే దారి) ఉందనుకుందాం. పదిలో తొమ్మిది సార్లు ఒక వైపే పడే నాణెం ఎంట్రోపీ, అంటే అనిశ్చితి కొలత, 0.469 బిట్. కాబట్టి ఆ ఛానెల్ సామర్థ్యం 1 నుంచి దాన్ని తీసివేయగా మిగిలిన 0.531. అంటే వెయ్యి బిట్లు పంపితే వాటిలో సుమారు 531 బిట్ల అసలు సందేశాన్ని, బ్లాకు పొడవు పెంచుకుంటూ పోతే, ఎంత కావాలంటే అంత తక్కువ పొరపాటుతో చేర్చవచ్చు. అంతకు మించి ఆశపడితే ఏ కోడూ కాపాడదు. పొరపాటును తగ్గించాలంటే వేగాన్ని సున్నాకు తేవలసిందేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో షానన్ ఈ మాట చెప్పాడు.

ఈ ప్రసంగకర్త చేసిన మంచి పని ఏమంటే, సిద్ధాంతం చెప్పి వదిలేయకుండా క్యూఆర్ కోడ్ దగ్గరికి తీసుకొచ్చారు. రీడ్, సోలమన్ 1960లో ఇచ్చిన కోడ్ వల్లనే మన బజారులో టీ బంకు గోడకు అంటించిన యూపీఐ స్టిక్కర్ మూల చిరిగినా, నూనె మరక పడినా ఫోను చదవగలుగుతుంది. తయారుచేసేటప్పుడు ఎంచుకున్న స్థాయిని బట్టి సుమారు 7 నుంచి 30 శాతం వరకు పాడైనా తిరిగి రాబట్టవచ్చు. ఆయన ఒక క్యూఆర్ కోడ్ ముద్రించిన కాగితాన్ని తెచ్చి, మార్కర్‌తో కొంచెం కొంచెం నల్లగా రుద్దుతూ ముందు వరుసలోని విద్యార్థుల ఫోన్లతో స్కాన్ చేయించారు. కొంతవరకూ చదివింది, ఒక హద్దు దాటాక ఒక్కసారిగా ఆగిపోయింది. మూలల్లో ఉండే మూడు పెద్ద చదరాల్లో ఒకదాన్ని రుద్దగానే మాత్రం తక్కువ నష్టానికే చదవడం మానేసింది. ఆ చదరాలు కోడ్ స్థానం, దిశ గుర్తించడానికే తప్ప కోడ్ రక్షణ కిందికి రావని అప్పుడు వివరించారు. ప్రదర్శన అంటే ఇలా ఉండాలి. పోలార్ కోడ్‌లు 5జీ కంట్రోల్ ఛానెల్‌లో వాడుకలోకి వచ్చాయన్న సంగతితో ముగించారు.

స్టోకాస్టిక్ గ్రేడియంట్ డీసెంట్, అంటే డేటాలో యాదృచ్ఛికంగా తీసిన కొంత భాగంతో లెక్క వేస్తూ దోషం తగ్గే దిశలో అడుగులు వేసే పద్ధతి, మీద జరిగిన ప్రసంగం నిరాశపరిచింది. విషయం గొప్పది. రాబిన్స్, మన్రో 1951లో వేసిన పునాది మీదే నేటి న్యూరల్ నెట్‌వర్క్‌ల శిక్షణ నిలబడి ఉంది. అడుగుల పొడవులన్నీ కూడితే అనంతం కావాలి, వాటి వర్గాలు కూడితే పరిమితంగా ఉండాలి అనే రెండు షరతులు చెప్పి, మొదటిది ఎంత దూరమైనా చేరడానికి, రెండోది నాయిస్ అణగడానికి అని వివరిస్తే హాలంతా అర్థం చేసుకునేది. ప్రసంగకర్త ఆ జోలికి పోలేదు. తన సొంత అల్గారిథమ్ గ్రాఫులు ఒకదాని వెంట ఒకటి చూపించారు. నిలువు అక్షం మీద ఏముందో రాయలేదు, పోల్చడానికి తీసుకున్న పద్ధతికి అడుగు పొడవు ఎలా ఎంచుకున్నారో చెప్పలేదు. నెస్టెరోవ్ 1983 నాటి త్వరణ పద్ధతి, సాధారణ గ్రేడియంట్ పద్ధతిలో దోషం అడుగుల సంఖ్యకు విలోమంగా తగ్గుతుంటే తాను ఆ సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గించగలదని చూపినది, పేరుగా మాత్రమే వినిపించింది. ఇక్కడ ప్రశ్నలు అడగనిచ్చి ఉంటే ఆ గ్రాఫుల గురించి ఎవరో ఒకరు తప్పక అడిగేవారు.

క్యూ సిద్ధాంతం మీద జరిగిన ప్రసంగానికి ఊళ్లో నుంచి చదువుకు సంబంధం లేనివారు కూడా వచ్చారు, అది సహజమే. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ల కోసం ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన ఈ శాస్త్రం, రోజుకు అరవై, డెబ్బై వేల మంది కొండకు వచ్చే ఊరిలో ఎవరికీ పరాయిది కాదు. లిటిల్ 1961లో నిరూపించిన సూత్రంతో మొదలుపెట్టారు: లోపల ఉన్నవారి సగటు సంఖ్య, వచ్చే వేగాన్ని సగటు నిరీక్షణతో హెచ్చించినంత. గంటకు 4,000 మందికి దర్శనమవుతూ కంపార్ట్‌మెంట్లలో 20,000 మంది ఉంటే నిరీక్షణ అయిదు గంటలు. దర్శనం వేగం పెరగకుండా టోకెన్లు ఇస్తే నిరీక్షణ మాయమైపోదు, క్యూలో నిలబడి చేసేది గదిలోనో, బజారులోనో చేసేదిగా మారుతుంది, వృద్ధులకూ పిల్లలకూ ఆ మార్పే చాలా పెద్ద ఊరట. ఒకే కౌంటరు ఉన్న సాధారణ నమూనాలో సామర్థ్యంలో 90 శాతం రద్దీకి సగటున 9 మంది ఉంటే, 95 శాతానికి 19 మంది అవుతారు. కొసన మిగిలిన ఆ కాస్త ఖాళీయే క్యూను కాపాడుతుందని ఆయన చెప్పిన తీరు స్పష్టంగా ఉంది.

ఈసారి కూడా ప్రశ్నలు వరండాలోకి పోయాయి. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన టీ గ్లాసుతో ప్రసంగకర్త దగ్గరికి వచ్చి, అయ్యా, మీ లెక్కలో మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు, ఇక్కడ కుటుంబాలుగా, బస్సు బస్సుగా వస్తారు కదా అని అడిగారు. ప్రసంగకర్త వెంటనే ఒప్పుకుని, గుంపులుగా వస్తే సగటు వేగం అదే అయినా క్యూ పొడవు పెరుగుతుందని, లిటిల్ సూత్రం మాత్రం అప్పుడు కూడా చెల్లుతుందని, రద్దీ శాతం నుంచి పొడవు చెప్పే రెండో సూత్రమే మారుతుందని వివరించారు. ఏది ఏ ఊహ మీద ఆధారపడి ఉందో ఇంతకంటే బాగా విడదీసి చెప్పడం కష్టం. ఆ మాటలు విన్నది అక్కడ నిలబడిన కొద్దిమందిమే.

నిర్వహణ సంగతులు క్లుప్తంగా చెబుతాను. హాలు విశాలంగా ఉంది, కుర్చీలు సరిపోయాయి, మైకు ఒక్కటే కావడం వల్ల వెనుక నుంచి అడిగే గొంతులు ముందుకు వినబడలేదు. బోర్డు చిన్నది, నిరూపణ రాసినవారు తుడిచి తుడిచి రాయవలసి వచ్చింది, తుడిచిన వరుసను రాసుకోలేనివారికి దారి తెగిపోయింది. ప్రసంగ పత్రాలు గానీ వీడియోలు గానీ తరువాత అందలేదు. పార్టిసిపేషన్ సర్టిఫికెట్లు చివరన ఇస్తారు గనుక అవి తీసుకోవడానికే వచ్చినవారు కొందరు వెనుక వరుసల్లో ఫోన్లు చూస్తూ గడిపారు. అక్కడ కూర్చుంటే మనసు పెట్టడం కష్టం. ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, కానీ తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులోనే జవాబు చెప్పిన ప్రసంగకర్తలు ఉన్నారు, అది విద్యార్థులకు ధైర్యమిచ్చింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, పరిచయం, సన్మానం మన సంప్రదాయాలే, వాటి మీద నాకు గౌరవముంది. అవి వరుస మొదటి రోజున ఘనంగా జరిపి, మిగతా రోజుల్లో అయిదు నిమిషాలకు కుదిస్తే మిగిలిన సమయమంతా శ్రోతలది అవుతుంది.

అంశాల్లో ఒక లోటు కూడా చెప్పాలి. గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. మొత్తం 1024 యాంటెనాలతో గాలిలోకి సంకేతం పంపి, పై పొరల్లోని అల్లకల్లోలం నుంచి తిరిగివచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిలో డాప్లర్ మార్పు కొలిచి గాలి వేగం చెబుతుంది. నాయిస్‌లో మునిగిపోయిన సంకేతం పౌనఃపున్యాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయగలమన్నది నేరుగా క్రామర్–రావు ప్రశ్నే. ఎత్తుకు పోయే కొద్దీ అంచనా ఎంత చెదురుతుందో, ఏ ఎత్తు దాటాక ఆ అంకెను నమ్మకూడదో నిర్ణయించేదీ గణాంకశాస్త్రమే. తిరుపతిలో గణాంకశాస్త్రం మీద వరుస పెట్టి, పక్కనే ఉన్న ఈ డేటా మీద ఒక్క ప్రసంగమైనా ఏర్పాటు చేయకపోవడం సరికాదు. వచ్చే విడతలో మొదటి ప్రసంగం దీని మీదే ఉండాలని నేను నిర్వాహకులకు రాతపూర్వకంగా సూచించాను.

వెళ్లదలచినవారికి రెండు మూడు మాటలు. ఎమ్మెస్సీ గణాంకశాస్త్రం, గణితం, డేటా సైన్స్ చదివేవారు తప్పక వెళ్లాలి. బీఎస్సీ చివరి సంవత్సరం వారికి సగానికి పైగా అర్థమవుతుంది. అంశం ముందే ప్రకటిస్తారు గనుక ఆ రోజుకు సంబంధించిన నిర్వచనాలు ఒకసారి చదువుకుని వెళ్లండి, బోర్డు చిన్నది గనుక ముందు మూడు వరుసల్లో కూర్చోండి, నోటు పుస్తకం తీసుకువెళ్లండి. చిత్తూరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు, బస్సులకు కొదువ లేదు, కానీ తిరుగు బస్సు తొందరలో తేనీటి వేళను మాత్రం వదులుకోవద్దు. ప్రస్తుత పద్ధతి మారేదాకా అసలైన ప్రశ్నలూ జవాబులూ జరిగేది అక్కడే. మీ ప్రశ్నను కాగితం మీద రాసుకుని ఉంచుకుంటే ప్రసంగకర్తకు చేతికివ్వవచ్చు. ఆ రోజు మధ్యలో ఆగిపోయిన పరిశోధక విద్యార్థి అలాగే చేశాడు, ప్రసంగకర్త ఆ కాగితం వెనుకనే స్టీన్ ఫలితం రాసి ఇచ్చారు.